ఊళ్లోకి వచ్చింది, ఇంట్లోకి ఎప్పుడొచ్చింది?

శ్రోతలందరికీ నమస్కారం.

నూరేళ్లలో సాంకేతిక రంగం ఎంత ముందుకు పోయిందో చెప్పమంటే చాలామంది రైట్ సోదరుల విమానం ఎక్కి, ఒక్క గుక్కలో చంద్రుడి మీద దిగుతారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఇంతవరకు చంద్రుడి మీద నడిచినవాళ్లు పన్నెండుమందే. తక్కిన మనమంతా ఇక్కడే ఉన్నాం, కరెంటు ఎప్పుడొస్తుందా, ఫోన్ కనెక్షన్ ఎప్పుడిస్తారా అని చూస్తూ. అందుకని ఈ పూట నేను వేరే లెక్క వేయదలచుకున్నాను. ఒక వస్తువుని ఎప్పుడు కనిపెట్టారన్నది పక్కన పెడదాం. అది మన ఊరికి ఎప్పుడొచ్చింది, వచ్చాక సామాన్యుడి గడప తొక్కడానికి ఎన్నాళ్లు పట్టింది? మన ఊరంటే చెన్నై. మా ఇంట్లో పెద్దవాళ్లకి ఇప్పటికీ మద్రాసే.

మీరు వింటున్న ఈ రేడియోతోనే మొదలుపెడతాను. 1924 మే 16న సి.వి. కృష్ణస్వామి చెట్టి అనే ఆయన ముందుండి, మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ స్థాపించారు. ఆ జూలై 31 నుంచి ప్రసారాలు మొదలయ్యాయి. ట్రాన్స్‌మిటర్ శక్తి 40 వాట్లు, అంటే పాతకాలపు ట్యూబ్‌లైటు ఒక్కటి తినేంత. ఉత్సాహానికేం తక్కువ లేదుగానీ చేతిలో డబ్బు లేక మూడేళ్లకే క్లబ్ చేతులెత్తేసింది. 1930లో మద్రాసు కార్పొరేషన్ ఆ పనిని తలకెత్తుకుంది. మెరీనా బీచిలో, పార్కుల్లో లౌడ్‌స్పీకర్లు పెట్టి జనానికి సంగీతం వినిపించేవారు. సాయంత్రం గాలి పోసుకోవడానికి వచ్చినవాళ్లు ఇసుకలో కూర్చుని కచేరీ వినేవారన్నమాట. ఆకాశవాణి మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో వచ్చేదాకా ఆంధ్రదేశంలో చాలాచోట్ల తెలుగు కార్యక్రమాలంటే మద్రాసు కేంద్రానివే. రేడియో అన్నయ్యగా, రేడియో అక్కయ్యగా తెలుగు పిల్లలందరికీ చుట్టాలైపోయిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల గొంతులు మొదట వినిపించింది ఇక్కడి నుంచే.

అయితే ఆ గొంతులు విన్నది ఎందరు? రేడియో సెట్టు కొనడం మామూలు సంసారికి తలకు మించిన పని. కొన్నా లైసెన్సు కావాలి. పోస్టాఫీసుకి వెళ్లి డబ్బు కట్టి, చిన్న పుస్తకంలో స్టాంపులు అంటించుకుని రావాలి. రేడియో పెట్టుకోవడానికి లైసెన్సేమిటని ఇప్పటి పిల్లలు నవ్వుతారుగానీ, 1980లలో ఎత్తేసేదాకా అది ఉంది. ఆ సెట్లలో వాల్వులు, అంటే బల్బుల్లాంటి గాజు గొట్టాలు ఉండేవి. స్విచ్ వేశాక అవి వేడెక్కేదాకా ఆగితే, ముందు చిన్న బుర్రుమన్న చప్పుడు, ఆ తరవాత మాట. ఆ వాల్వుల పనే చేసే చిన్న ట్రాన్సిస్టర్‌ని 1947లో అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్లు తయారుచేశారు. అది మన దగ్గరికి వచ్చి, ధర దిగి, కిళ్లీకొట్లోనూ పొలం గట్టు మీదా మోగడానికి ఇంకో ఇరవై పాతికేళ్లు పట్టింది. దేశంలో మొట్టమొదటి ఎఫ్ఎం ప్రసారం కూడా ఇక్కడే, 1977 జూలై 23న. గొప్పే, కాదనను. కానీ ఆ రోజున ఎఫ్ఎం పట్టే సెట్టు ఎవరింట్లో ఉంది?

టెలిఫోన్ కథ వింటే ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. గ్రాహం బెల్ పేటెంటు తీసుకున్నది 1876లో. మద్రాసుకి టెలిఫోన్ ఎక్స్ఛేంజి 1882లోనే వచ్చేసింది. ఓడల మీద సరుకు రావలసిన రోజుల్లో ఆరేళ్లలో సముద్రాలు దాటి వచ్చిందంటే మాటలా? అంత చురుగ్గా ఊళ్లోకి దిగిన ఫోను, అక్కడి నుంచి ఇళ్లలోకి నడవడానికి మాత్రం వందేళ్లు తీసుకుంది. 1980లలో కూడా దరఖాస్తు పెట్టుకుంటే ఏళ్ల తరబడి కూర్చోవలసిందే. వీధికి ఒకటో రెండో ఇళ్లలో ఫోను ఉండేది. తక్కినవాళ్లు ఆ నంబరునే తమ శుభలేఖల మీద, విజిటింగ్ కార్డుల మీద వేయించుకుని పక్కన పి.పి. అని, అంటే ఫోను తమది కాదు, పొరుగింటిదని తెలిసేలా, రాసుకునేవారు. ఫోను వస్తే ఆ ఇంటి పిల్లాడు పరిగెత్తుకొచ్చేవాడు. "పిన్నిగారూ, మీకు నెల్లూరు నుంచి ఫోను! పది నిమిషాల్లో మళ్లీ చేస్తారట!" పిన్నిగారు తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వెళ్లి, ఆ హాల్లో కూర్చున్న ఏడుగురి ముందు నిలబడి, తన కూతురి కాపురం సంగతి గట్టిగా అరిచి మాట్లాడాలి. మెల్లిగా మాట్లాడితే అవతలివాళ్లకి వినబడదు. ప్రైవసీ అంటారే, ఆ ముచ్చటే లేదు.

పైగా పొరుగూరికి చేయాలంటే ట్రంక్ కాల్. ఆపరేటర్‌కి చెప్పి బుక్ చేసుకుని, ఎప్పుడు కలిపితే అప్పుడే. మామూలు కాల్ అయితే పొద్దున చెబితే సాయంత్రానికి కలిసినా అదృష్టమే. అర్జంట్ కాల్‌కి రెట్టింపు రేటు, లైట్నింగ్ కాల్‌కి ఎనిమిది రెట్లు. లైట్నింగ్ కాల్ వచ్చిందంటే ఇంట్లో అందరికీ టెన్షన్, ఎవరికేమైందోనని. కలిశాక కూడా మూడు నిమిషాలకి ఆపరేటర్ మధ్యలో దూరి, "టైమ్ అయింది, పొడిగిస్తారా?" అని అడిగేది. ఆపరేటర్ అక్కర్లేకుండా నేరుగా పై ఊరి నంబరు తిప్పే ఎస్టీడీ మన దేశంలో మొదట లక్నో, కాన్పూర్‌ల మధ్య 1960లో వచ్చింది. 1984లో ప్రభుత్వం సీ-డాట్ సంస్థని పెట్టి, మన ఊళ్ల వేడికీ దుమ్ముకీ తట్టుకునే ఎక్స్ఛేంజిలు ఇక్కడే తయారుచేయించాక గానీ కథ మారలేదు. ఆపైన వీధి వీధికీ పసుపుపచ్చ బోర్డు పెట్టిన ఎస్టీడీ బూత్‌లు వెలిశాయి. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గుతుందని భోంచేసి వచ్చి వరసలో నిలబడి, ఎర్రటి అంకెలు పరిగెత్తే మీటరు మీదే కళ్లు పెట్టి మాట్లాడేవాళ్లం. ఆ బూత్‌లో కూర్చునే ఉద్యోగంతో ఎంతమంది వికలాంగుల కుటుంబాలు గడిచాయో! సెల్‌ఫోన్ వచ్చాక ఆ బూత్‌లు ఏమయ్యాయో, అందులో కూర్చున్నవాళ్లు ఏమయ్యారో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

దేశంలో తొలి సెల్‌ఫోన్ కాల్ 1995 జూలై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్లింది. మొదట్లో వచ్చిన కాల్‌కి కూడా మనమే డబ్బు కట్టాలి. అందుకని నంబరు చూసుకుని, కట్ చేసి, బూత్‌కి పరిగెత్తినవాళ్లు కోకొల్లలు. 2003లో ఆ బాధ పోయింది. ఆపైన పదేళ్లలోపే కొత్తిమీర అమ్మే ఆవిడ దగ్గర కూడా ఫోనుంది. వందేళ్లు పట్టిన పని పదిహేనేళ్లలో అయిపోయింది. యూపీఐ మరీను. 2016లో వచ్చింది, 2023 ఆగస్టు నాటికి నెలకు వెయ్యి కోట్ల లావాదేవీలు దాటింది. ఇవాళ పానగల్ పార్కు దగ్గర మూర మల్లెపూలు కొని స్కాన్ చేస్తే, బుట్టలోని చిన్న పెట్టె డబ్బు అందిందని కేక పెడుతుంది.

యూపీఐ కనిపెట్టినవాళ్ల తెలివి నేను తక్కువ చేయడం లేదు. కానీ ఇంత వేగం ఎలా వచ్చిందో చూడాలి కదా. టెలిఫోన్‌కి ప్రతి ఇంటికీ రాగి తీగ లాగాలి, రోడ్డు తవ్వాలి, స్తంభం పాతాలి. సెల్‌ఫోన్‌కి టవరు దాకా తీగ ఉంటే చాలు. యూపీఐకి అదీ అక్కర్లేదు, అప్పటికే చేతిలో ఫోనుంది, బ్యాంకులో ఖాతా ఉంది. ముందుతరం వేసిన బాట మీద నడిచింది కాబట్టే పరుగు. ఆ బాట ఎక్కడిదాకా పోతుందో తెలుసా? మద్రాసు నుంచి పెనాంగ్‌కి సముద్రం అడుగున టెలిగ్రాఫ్ కేబుల్ 1871 నాటికే పనిచేస్తోంది. 2002లో చెన్నై నుంచి సింగపూర్‌కి అదే బంగాళాఖాతం అడుగున, మూడు వేల కిలోమీటర్లకు పైగా ఇంటర్నెట్ కేబుల్ వేశారు. ఇంటర్నెట్ అంతా ఆకాశంలోంచి వస్తుందని అనుకునేవాళ్లకి ఈ సంగతి చెబితే నమ్మరు.

వస్తువు సిద్ధంగా ఉన్నా ఆలస్యమయ్యే సందర్భాలూ ఉన్నాయి. మన అక్షరాలే తీసుకోండి. వావిళ్ల వారి ముద్రణాలయం, 1914లో బొంబాయి నుంచి తరలి వచ్చిన ఆంధ్రపత్రిక, ఇలా తెలుగు అచ్చుకి మద్రాసు పెద్ద ఇల్లు. సీసపు అక్షరాలతో తెలుగు కంపోజింగ్ చేయడమంటే ఆషామాషీ కాదు. గుణింతాలకీ ఒత్తులకీ వేరువేరు అచ్చులు, వందలకొద్దీ గళ్లు. కంపోజిటరు ఎడమచేతిలో స్టిక్కు పట్టుకుని, కుడిచేత్తో చూడకుండానే ఒక్కో అక్షరం ఏరి పేర్చేవాడు. అవన్నీ అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంటాయి. అచ్చయ్యాక మళ్లీ వాటిని విడదీసి ఏ గడిలోది ఆ గడిలో వేయాలి. ఇక అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్లో ఒక్కో నంబరు కేటాయించే యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటిచ్చారు. అంటే పని అయిపోయినట్టే కదా! కానీ ఆ తరవాత చాలా ఏళ్లు మన ఫోన్లలో తెలుగు మెసేజ్ వస్తే అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనిపించేవి. తెలుగులో చదవాలనుకునేవాళ్లు ఖరీదైన ఫోను కొంటారని కంపెనీలు అనుకోలేదు, అంతే. కోట్లమంది కొంటారని తెలిశాక డబ్బాలు పోయి అక్షరాలొచ్చాయి.

అంటే ఆ వస్తువు కోసం కాచుకున్నది ఎవరన్న దాన్నిబట్టే వేగం. మనకి వంద కిలోమీటర్ల లోపే శ్రీహరికోట ఉంది. 2023 జూలై 14న చంద్రయాన్-3 అక్కడి నుంచే లేచింది, నలభై రోజులకి చంద్రుడి దక్షిణ ధ్రువం వైపు దిగింది. మన ఊళ్లోనే వీధి కింద పదడుగుల లోతున ఉన్న మురుగు కాలువ సంగతి చూడండి. పూడిక తీయడానికి రక్షణ పరికరాలు లేకుండా మనుషుల్ని మ్యాన్‌హోల్‌లోకి దించకూడదని 2013లో చట్టం వచ్చింది. యంత్రాలు లేవా అంటే ఉన్నాయి. నీటి జోరుతో పూడిక తోసే జెట్టింగ్ లారీలున్నాయి. సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేసే యంత్రాన్ని మద్రాసు ఐఐటీ వాళ్లే తయారుచేశారు. అయినా లోపలికి దిగి ఊపిరాడక చనిపోయారన్న వార్త పేపర్లో ఇంకా వస్తూనే ఉంది. ఈ నగరంలో పారిశుద్ధ్య పని చేసేవాళ్లలో తరాల కిందట ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చిన తెలుగువాళ్లు చాలామంది. వాళ్ల ఇళ్లలో కూడా యూపీఐ ఉంది, స్మార్ట్‌ఫోన్ ఉంది. పని చేసే చోటికే యంత్రం రాలేదు.

మా వీధి చివర ఒక సందుంది. మోటారు సైకిలు పడుతుంది, లారీ పట్టదు. అక్కడ మురుగు పొంగితే పాత పద్ధతే, వెదురు బద్దలూ మనుషులూ. ఆ సందులోకి పట్టేంత చిన్న యంత్రం ఎప్పుడొస్తుందని సంబంధిత ఆఫీసుకి వెళ్లి అడిగాను. రాసి ఇవ్వమన్నారు. తమిళంలో రాసి ఇచ్చాను, నంబరు వేసి రసీదు ఇచ్చారు. మీ వీధిలోనూ అలాంటి సందు ఉంటే మీరూ ఒకటి రాసి ఇవ్వండి.

సెలవు. నమస్కారం.