ఏడు దగ్గర ఆగిన లెక్క

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు నమస్కారం. పేర్లన్నీ ఆహ్వాన పత్రికలో ఉన్నాయి, మళ్లీ చదవను. ఇవాళ డిసెంబరు 22, రామానుజన్ పుట్టినరోజు. అనంతపురంలో ఈ రోజున నన్నెవరు పిలిచినా 1729 గురించే చెప్పమంటారు. ఆ టాక్సీ నంబరు కథ మీకందరికీ వచ్చు. వదిలేద్దాం.

నేను ఇంకో సంఖ్య తెచ్చాను. బోర్డు మీద రాస్తున్నా: 38,16,54,729. ముప్ఫై ఎనిమిది కోట్ల చిల్లర. చెనిక్కాయల మండీలో ఏడాది లెక్కలా ఉంది కదా! ఇందులో 1 నుంచి 9 దాకా ప్రతి అంకె ఒక్కసారే వచ్చింది. ఎడమ నుంచి చూడండి. 38 రెండుతో శేషం లేకుండా పోతుంది. 381 మూడుతో, 3816 నాలుగుతో, 38165 ఐదుతో. అలా మొత్తం సంఖ్య తొమ్మిదితో. ఈ తొమ్మిది అంకెల్ని అటూ ఇటూ మార్చి పేరిస్తే 3,62,880 సంఖ్యలొస్తాయి. ఇలా కుదిరేది ఇదొక్కటే.

అన్నీ రాసి చూడాల్సిన పని లేదు. ఐదో చోట 5 తప్ప ఇంకోటి కూర్చోదు. సరి స్థానాల్లో సరి అంకెలే. 3, 4, 6, 8 నియమాలు కూడా పెడితే చివరికి పదే సంఖ్యలు మిగులుతాయి. మూడుకైతే అంకెలు కూడితే చాలు, ఎనిమిదికి చివరి మూడంకెలు చూస్తే చాలు. ఏడు దగ్గర ఆ ఆటలు సాగవు. కూర్చుని భాగించడమే తేలిక.

ఇదంతా నాకు తొమ్మిదో తరగతి పిల్ల చెప్పింది. ఇంట్లో మగ్గం ఉన్న పిల్ల. నేను నియమం చెప్పానంతే, సంఖ్య చెప్పలేదు. నోట్సు వెనక పేజీల్లో పదింటినీ తేల్చుకొచ్చి, బోర్డు మీద వరసగా రాసి, ఏడుతో భాగించడం మొదలుపెట్టింది. రెండు కొట్టేసింది. మూడోది సగంలో ఉండగా పెద్దసారు తలుపు దగ్గర నిలబడి, "ఇది పరీక్షలో ఎన్ని మార్కులకొస్తుంది సార్?" అన్నారు. సిలబస్ వెనకబడ్డ మాట నిజమే. ఆయన మీద కోపం చాలా ఏళ్లు మోశాను. కానీ బోర్డు చెరిపింది ఆయన కాదండీ. డస్టర్ తీసుకున్నది నేను. ఆ పిల్ల సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడింది. ఆ తర్వాత వెనక పేజీలు నాకెప్పుడూ చూపించలేదు.

నిర్వాహకులు వాచీ చూపిస్తున్నారు. రామానుజన్ గురించి రాసుకొచ్చిన నాలుగు పేజీలు జేబులోనే ఉన్నాయి, ఉండనీండి. ముందు వరసలో పిల్లలూ, పెన్ను తీయండి. ఆ పిల్ల కొట్టేసిన మొదటిది 147258963. దాంట్లో మొదటి ఏడంకెలు, 1472589. ఏడుతో భాగించండి. పెద్దవాళ్లు కూడా. ఫోన్లు లోపల పెట్టండి సార్.

ఎంత మిగిలింది? ఆరు. ఎవరమ్మా చెప్పింది? ఇలా రా, సుద్ద తీసుకో. ఇంకా తొమ్మిది ఉన్నాయి. సభ అయిపోయాక కూడా ఈ బోర్డు ఎవరూ చెరపొద్దు.