నాన్న కూడా పాలు పట్టే పక్షి

అందరికీ నమస్కారమండి. ఫ్లెమింగోల గురించి, అదేనండి ఆ పొడుగు కాళ్ళ గులాబీ రంగు నీటిపక్షుల గురించి మాట్లాడమన్నారు కానీ నేను మన గుంటూరు పావురాలతో మొదలుపెడతాను, ఏమనుకోకండి. మా అపార్ట్‌మెంట్‌లో వంటింటి కిటికీ బయట పావురం గుడ్లు పెట్టింది, నెట్ కట్టించేలోపే పిల్లలైపోయాయి. ఒకరోజు కాఫీ కలుపుతూ చూస్తే పిల్ల తన ముక్కు మొత్తం పెద్దదాని నోట్లో దూర్చేసింది, పెద్దది మెడ ఊపుతూ ఏదో కక్కుతోంది, పిల్ల మింగుతోంది. అది గింజలు కాదండి, పాలు! పక్షి పాలు, అంటే గొంతు లోపలి సంచిలో ఊరేవి. అవి మగదీ ఇస్తుంది ఆడదీ ఇస్తుంది.

ఇలా పాలు పట్టే పక్షులు చాలా తక్కువ, అందులో ఫ్లెమింగో ఒకటి. దీని పాలు ఎర్రగా ఉంటాయి, కొవ్వూ ప్రొటీనూ బాగా ఉంటాయి. పెద్దది ముక్కులోంచి పిల్ల నోట్లోకి వదులుతుంటే తెలియనివాళ్ళు చూసి అయ్యో రక్తం కారుతోంది అనుకుంటారు. ఆ ఎరుపు కెరోటినాయిడ్స్ వల్ల, అంటే మన మిరపపండుకి ఎరుపొచ్చేదీ ఆ జాతి రంగు వల్లే, కాబట్టి గుంటూరోళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఫ్లెమింగోకి ఆ రంగు నీళ్ళలో నాచు, చిన్న చిన్న రొయ్యల్లాంటివి తింటే వస్తుంది, సొంతది కాదు. అందుకే పిల్లలకి పెట్టీ పెట్టీ అమ్మానాన్నలిద్దరూ వెలిసిపోతారు. నిజంగానే, గులాబీ రంగు పోయి తెల్లబడతాయి, పిల్లలు ఎదిగాక మళ్ళీ మెల్లగా రంగు తిరిగొస్తుంది. పిల్లల ఫీజులు కట్టే వయసువాళ్ళకి ఈ ముక్క బాగా అర్థమవుతుంది అనుకుంటా.

గూడు చెట్టు మీద కాదు. బురదని ముక్కుతో లాగి లాగి జానెడు పైన ఎత్తులో దిబ్బ చేసి పైన గుంట పెడతాయి, నీళ్ళు పెరిగినా గుడ్డు తడవకూడదని. గుడ్డు ఒక్కటే, నెల రోజులు ఇద్దరూ వంతులేసుకుని పొదుగుతారు. పుట్టిన పిల్ల బూడిద రంగు, ముక్కు తిన్నగా ఉంటుంది, చూస్తే బాతుపిల్ల అనుకుంటాం. ఆ ముక్కు వంకర తిరిగేదాకా నీళ్ళు వడకట్టుకుని తినడం రాదు, అందుకే రెండు నెలల పైన పాల మీదే ఆధారం. వారం పది రోజులకి పిల్లలన్నీ గుంపులో చేరతాయి, వందలు, ఒక్కోచోట వేలు, కాపలాకి కొన్ని పెద్దవి ఉంటాయి. మరి అంతమందిలో మనవాడెవడు? అరుపుని బట్టి! పిల్ల గొంతు పోల్చుకుని సరిగ్గా దాని దగ్గరికే వచ్చి పాలు పడతాయి, పక్కింటి పిల్ల అడిగితే పెట్టవు. ఇది కాస్త కఠినంగానే అనిపిస్తుంది నాకు.

మన దేశంలో పెద్ద ఎత్తున గూళ్ళు పెట్టేది గుజరాత్‌లో, కచ్ రణ్ అనే ఉప్పు బీడులో. మనకి చలికాలంలో పులికాట్ సరస్సులో కనిపిస్తాయి. ఇక్కడ రైలెక్కి సూళ్ళూరుపేటలో దిగి శ్రీహరికోట రోడ్డు పట్టుకుంటే సరస్సు మధ్యలోంచే వెళ్తాం, రెండు పక్కలా నీళ్ళే. వెళ్ళినప్పుడు గుంపులో బూడిద రంగువి వెతకండి, అవి వేరే జాతి కాదు పిల్లలే, పూర్తిగా రంగెక్కడానికి రెండు మూడేళ్ళు పడుతుంది వాటికి. సరే, లైట్లు ఆపితే ఫొటోలు చూపిస్తాను, మొదటిది మాత్రం మా పావురమే.