కొత్త లెన్స్ వస్తుందని ముహూర్తం ఆగదు

అందరికీ నమస్కారం. 1839లో ఇదే ఆగస్టు 19న ఫ్రాన్స్ ప్రభుత్వం డాగ్యురే కనిపెట్టిన ఫొటో తీసే పద్ధతిని లోకానికి ఉచితంగా ఇచ్చేసిందని అధ్యక్షులవారు ఇందాక చెప్పారు. మన ఫొటోగ్రఫీ వృత్తిలో ఉచితంగా వచ్చింది బహుశా అదొక్కటే. ఆ తర్వాత ప్రతిదీ డబ్బు పెట్టి కొనుక్కుంటున్నాం, అదీ చాలావరకు ఈఎంఐల మీద. భోజనాలకు ముందు నాకిచ్చిన ఈ కాస్త టైములో ఆ కొనుగోళ్ల గురించే మాట్లాడతాను.

ఈ మధ్య ఎవరు ఫోన్ చేసినా, దూరంగా ఉన్నదాన్ని దగ్గరకు లాగి చూపే 70-200 జూమ్ లెన్స్ గురించి ఒకటే అడుగుతున్నారు. "అన్నా, 70-200 తీసుకుందామనుకుంటున్నా. కొత్తది వస్తుందంట కదా, ఆగమంటావా?" నేను తిరిగి అడిగేది కూడా ఒకటే. నీ చేతిలో ముహూర్తాలు ఎన్ని ఉన్నాయి తమ్ముడూ? శ్రావణం నడుస్తోంది. తర్వాత కార్తీకం, మార్గశిరం ఉన్నాయి. ఒప్పుకున్న పెళ్లిళ్లలో నీ లెన్స్ ఎక్కడ చేతులెత్తేస్తోందో ముందు అది చెప్పు. లెన్స్ కంపెనీ ఏం చేస్తుందన్నది ఆ తర్వాత చూద్దాం.

బాడీలకూ, అంటే లెన్స్ లేని ఒట్టి కెమెరాలకూ, లెన్సులకూ ఒకే లెక్క వేయడం దగ్గరే చిక్కంతా వస్తోంది. కెనాన్ ఆర్6 2020లో వచ్చింది, రెండేళ్లకే 2022లో దాని మార్క్ 2 వచ్చేసింది. బాడీ విషయంలో ఆరు నెలలు ఆగడంలో కొంత అర్థం ఉంది. లెన్సుల కథ వేరు. సోనీవాళ్ల మేలు రకం లెన్స్ 24-70 జీఎం 2016లో వస్తే రెండోది 2022లో వచ్చింది. కెనాన్ పాత తరం బాడీలకు చేసిన ఈఎఫ్ 24-70 ఎఫ్ 2.8 అయితే 2002 తర్వాత మళ్లీ 2012లోనే. (ఆ ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది.) కొల్లేరులో, నేలపట్టులో పక్షుల వెంట తిరిగేవాళ్లను అడగండి, కెనాన్ 100-400 గురించి చెబుతారు. ముందుకీ వెనక్కీ లాగే పాత జూమ్ అది, 1998 నాటిది. దానికి కొత్తది వస్తోందని ఏళ్ల తరబడి పుకార్లు నడిచాయి. వచ్చింది 2014లో. పదహారేళ్లు! ఈలోపు పాతదాంతోనే తీసినవాళ్ల దగ్గర గూడబాతుల ఫొటోలున్నాయి, ఆగినవాళ్ల దగ్గర పుకార్లున్నాయి.

ఆగి ఆగి చివరికి ఏం దక్కుతుందో కూడా చూడాలి. కెనాన్ ఈఎఫ్ 70-200 ఎఫ్ 2.8 రెండో వెర్షన్ 2010లో వచ్చింది. మూడోది అద్భుతంగా ఉంటుందని ఎనిమిదేళ్లు ఎదురుచూసినవాళ్లున్నారు. 2018 జూన్‌లో ప్రకటించారు. లోపలి గాజు అమరిక పాతదే, మార్చింది పైన పూత. సరే, ఎదురు వెలుతురులో కాస్త మేలు. కానీ అదే ఏడాది సెప్టెంబరులో ఈఓఎస్ ఆర్ బాడీ వచ్చి మౌంటే, అంటే బాడీకి లెన్స్ తగిలించే అమరికే మారిపోయింది! ఎనిమిదేళ్ల నిరీక్షణకు మూడు నెలల ముచ్చట.

అలాగని కొత్తవన్నీ పేరుకే కొత్తవని అనను. సోనీ 70-200 జీఎం మొదటిది 1480 గ్రాములు, 2021లో వచ్చిన రెండోది 1045 గ్రాములు. సుమారు అర కిలో తగ్గింది. స్నాతకం దగ్గర మొదలుపెట్టి అప్పగింతల దాకా ఆ బరువు మోసిన మణికట్టుకు తెలుస్తుంది దాని విలువ. ఫోకస్ వేగం కూడా పెరిగింది. అలాంటి మార్పు వస్తే మార్చుకోవాల్సిందే, కాదనను. అయితే ఆ మార్పు 2021లో వస్తుందని 2018లో ఎవరికి తెలుసు? తెలియని తేదీ కోసం తెలిసిన పెళ్లిళ్లను పాడుచేసుకోవద్దంటున్నానంతే.

పాడుచేసుకోవడమంటే ఏమిటో కొంచెం దగ్గరగా చూద్దాం. తెల్లవారుజామున మూడింటికి ముహూర్తం. అడ్డుతెర ఇంకా దించలేదు, పంతులుగారు మంత్రం వేగం పెంచారు, వీడియో లైటు పక్కనుంచి పడుతోంది, మీకూ పెళ్లికూతురికీ మధ్య బాబాయిగారి సెల్‌ఫోన్. జీలకర్ర బెల్లం పెట్టే ఆ కొద్ది క్షణాల్లో వాళ్ల కళ్లు మీకు కావాలి. మీ దగ్గరున్నది బాడీతో పాటు వచ్చిన కిట్ లెన్స్, జూమ్ లాగేసరికి ఎఫ్ 5.6కి చేరుతుంది. వెలుతురు చాలనప్పుడు పెంచే ఐఎస్ఓను 6400 పెట్టినా షట్టర్ వేగం సెకనులో 1/50 వంతు దాటట్లేదనుకోండి. అదే చోట ఎఫ్ 2.8 లెన్స్ ఉంటే నాలుగింతలు వెలుతురు, అంటే 1/200. ఆ 1/50 దగ్గర తల తిప్పిన ప్రతి మొహం చెదురుతుంది, తలంబ్రాలు గీతలుగా పడతాయి. లెన్సులోని స్టెబిలైజేషన్ మీ చెయ్యి వణుకును ఆపుతుంది కానీ పెళ్లికూతురి కదలికను ఆపదు. ఈ ఇబ్బంది మీకుంటే ఎఫ్ 2.8 ఏ వెర్షనైనా సరే, ఇప్పుడే కొనండి. మీ దగ్గర ఆల్రెడీ ఎఫ్ 2.8 ఉండి, "అంచుల్లో షార్ప్‌నెస్ తగ్గింది" అని బాధపడుతుంటే హాయిగా ఆగండి. 12-36 అంగుళాల ఆల్బమ్‌లో అంచున ఉండేది కుర్చీ కాలే.

డబ్బు లెక్క కూడా వేసుకోవాలి. లక్షన్నర లెన్స్ అనుకుందాం. ఏడాదికి ముప్పై పెళ్లిళ్లు, ఐదేళ్లు వాడతారు. నూట యాభై పెళ్లిళ్లు, పెళ్లికి వెయ్యి రూపాయలు. అమ్మేటప్పుడు సగం వచ్చిందంటే పెళ్లికి పడింది ఐదొందలే. మీ ఊళ్లో ఒక రాత్రికి లెన్స్ అద్దె ఎంతో దాని పక్కన పెట్టి చూడండి. ఏడాదికి నాలుగు పెళ్లిళ్లు చేసేవాళ్లకు మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది, వాళ్లు అద్దెకు తెచ్చుకోవడమే మంచిది. జీఎస్టీలో సాధారణ పద్ధతిలో రిజిస్టరైన స్టూడియోలకు ఇంకో మాట: లక్షా పద్దెనిమిది వేల బిల్లులో పద్దెనిమిది వేలు పన్ను, దానికి క్రెడిట్ తీసుకోవచ్చు, అంటే మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు. కంపెనీ అధికారిక డీలర్ల ద్వారా రాని గ్రే మార్కెట్ సరుకుకు ఆ సౌకర్యమూ లేదు, ఇక్కడి వారంటీ కూడా ఉండదు. పది వేలు మిగిలాయని సంబరపడేముందు ఈ రెండూ కలిపి చూసుకోండి.

మరి ఎప్పుడు ఆగాలి? కొత్త లెన్సును కంపెనీ అధికారికంగా ప్రకటించి, ఇంకా షాపుకు రాకపోతే ఆగండి. కొత్తదే కొనాలని కాదు. అది రాగానే దాన్ని కొనుక్కునేవాళ్లు పాతదాన్ని అమ్మకానికి పెడతారు, మీకు కావాల్సింది అదే. రెండోది, బాడీ మార్చే ఆలోచన ఉంటే మౌంట్ ఏదో తేలేదాకా ఆగండి. కెనాన్ వాళ్లకు పెద్ద భయం లేదు, ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో ఆర్ బాడీల మీద చక్కగా పనిచేస్తాయి. నికాన్ వాళ్లు జాగ్రత్త. పాత ఏఎఫ్ 80-200 ఎఫ్ 2.8 డి లాంటివాటిలో ఫోకస్ మోటారు ఉండదు, బాడీయే తిప్పాలి. నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో కొత్త తరం జెడ్ బాడీకి తగిలిస్తే ఆటోఫోకస్ పనిచేయదు. చవగ్గా దొరికిందని తెచ్చుకుని మండపంలో చేత్తో ఫోకస్ తిప్పుకోవాల్సి వస్తుంది. మూడోది మూఢం. ముహూర్తాలు లేని నెలల్లో లెన్స్ బీరువాలో పడుకుంటుంది, వాయిదా మాత్రం ఠంచనుగా కట్ అవుతుంది. సీజనుకు రెండు మూడు వారాల ముందు కొంటే చాలు, అటూ ఇటూ తిప్పి పరీక్షించుకోవడానికి టైము ఉంటుంది.

ముందు వరసలో కూర్చున్నాయన ఇందాక టీ దగ్గర అడిగారు. ఆయనకు కెనాన్ పాత తరం బాడీ 5డి మార్క్ 4 ఉంది, ఈఎఫ్ 70-200 రెండో వెర్షన్ ఉంది, ఆర్ బాడీలకు చేసిన ఆర్‌ఎఫ్ 70-200 కొనాలా అని. అక్కర్లేదండీ. ఆ డబ్బు ఆర్ బాడీకి పెట్టి, ఈ లెన్సుకే అడాప్టర్ తగిలించండి. 2024లో కెనాన్ లోపలే జూమయ్యే జెడ్ రకం 70-200 తెచ్చింది, ఇంకా దూరం లాగే టెలికన్వర్టర్ కూడా దానికి పడుతుంది. 2019 నాటి ఆర్‌ఎఫ్‌కు అది పడదు. ఆ తేడా క్రికెట్ తీసేవాళ్లకు ముఖ్యం, కల్యాణ మండపంలో 200 దాటి మీకేం పని?

ఇక సెకండ్ హ్యాండ్ గురించి. కోస్తాలో వాడిన లెన్సుల్లో ఫంగస్ ఎక్కువ. వెనక మూత తీసి, అపర్చర్ పూర్తిగా తెరిచి, టార్చి ఏటవాలుగా కొట్టి ముందునుంచి చూడండి. సాలెపోగుల్లా సన్నటి దారాలు కనిపిస్తే ఎంత చవకైనా వదిలేయండి. రెండు దుమ్ము రేణువులు ఉంటే పట్టించుకోకండి. మౌంట్ దగ్గర స్క్రూల తలలు గీసుకుపోయి ఉంటే ఎవరో విప్పారన్నమాట. ఫంగస్ పట్టిన పాత లెన్స్ ఒకటి, బాగున్నది ఒకటి నా సంచిలో ఉన్నాయి, టార్చి కూడా తెచ్చాను. భోజనాలయ్యాక ఆ కిటికీ దగ్గరికి రండి, ఒక్కొక్కరుగా పట్టుకుని చూద్దురుగాని.