బ్రాంచి సర్వర్‌ను దూరం నుంచి మార్చడం: ముందు తిరుగుదారి, తర్వాతే అప్‌గ్రేడ్

నమస్కారం. బ్రాంచి ఆఫీసులో ఉన్న సర్వర్‌ను హెడ్డాఫీసులో కూర్చుని విండోస్ సర్వర్ 2016 నుంచి 2025కు ఎలా మార్చాలో ఈ వీడియోలో చూపిస్తాను. 2016కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2027 జనవరి 12తో ఆగిపోతాయి. 2012, 2012 ఆర్2లకైతే 2023 అక్టోబరు 10నే ఆగిపోయాయి. బ్రాంచీల్లో ఇప్పటికీ అవే నడుస్తుంటే ఇక ఆలస్యం చేయకండి.

పనిలోకి దిగే ముందు నాకు జరిగిన ఒక సంగతి చెబుతాను. మా సంస్థ ఎరువులు, విత్తనాలు పంపిణీ చేస్తుంది. హెడ్డాఫీసు విశాఖపట్నంలో ఉంది. పార్వతీపురం, నర్సీపట్నం, పాలకొండ లాంటి ఊళ్లలో బ్రాంచీలున్నాయి. ఒక శనివారం రాత్రి 11 గంటలకు పార్వతీపురం సర్వర్‌కు అప్‌డేట్లు వేసి రీస్టార్ట్ ఇచ్చాను. పింగ్ ఆగింది, అంటే 'ఉన్నావా' అని అడిగితే సర్వర్ నుంచి వచ్చే జవాబు ఆగింది. పది నిమిషాలు చూశాను, అరగంట చూశాను, జవాబు లేదు. ఆఫీసు తాళాలు మేనేజరు గారి దగ్గరున్నాయి. ఆయన పెళ్లికని ఊరెళ్లారు. అప్పుడు ఖరీఫ్ సీజను. సోమవారం పొద్దున్నే డీలర్లు లారీలతో వచ్చి నిలబడతారు. ఆదివారం బస్సెక్కి, ఎలాగో తాళాలు తెప్పించి, సాయంత్రానికి లోపలికి వెళ్లాను. మానిటర్ తగిలించి చూస్తే నల్లటి తెర మీద చిన్న సందేశం: ఒక ఫ్యాను పనిచేయడం లేదు, కొనసాగించాలంటే ఎఫ్1 నొక్కండి. నొక్కాను. అయిదు నిమిషాల్లో సర్వర్ లేచింది.

ఆ తర్వాత నేను ఏ బ్రాంచిలోనూ పనిని ఇన్‌స్టాలర్‌తో మొదలుపెట్టలేదు. సర్వర్ పలకడం మానేస్తే దాన్ని చేరే దారి ఏది? ముందు ఆ సంగతి తేల్చుకుంటాను. ఈ వీడియోలో సగం సమయం దానికే ఇస్తున్నాను.

(తెర మీద: సర్వర్ వెనక భాగం ఫొటో)

ఇది సర్వర్ వెనక వైపు. మామూలు నెట్‌వర్క్ పోర్టులకు పక్కగా మరొకటి ఉంది చూడండి. డెల్ యంత్రాల్లో దీన్ని ఐడ్రాక్ అంటారు, హెచ్‌పీఈ యంత్రాల్లో ఐలో అంటారు. విండోస్ లేవకపోయినా, సర్వర్ ఆపేసి ఉన్నా, కరెంటు అందుతున్నంత సేపు ఇది మేలుకునే ఉంటుంది. దీని ద్వారా పవర్ బటన్ నొక్కవచ్చు, తెరను ఇక్కడి నుంచే చూడవచ్చు, ఎఫ్1 కూడా నొక్కవచ్చు. నేను చూసిన బ్రాంచీల్లో ఎక్కువ చోట్ల ఈ పోర్టు ఖాళీగా ఉంది, కొన్న రోజు నుంచీ ఎవరూ కేబుల్ పెట్టలేదు. ఇంకో మాట: తెరను చూపించే సదుపాయానికి చాలా మోడళ్లలో విడిగా లైసెన్సు ఉండాలి. అది ఉందో లేదో ముందే చూసుకోండి.

కేబుల్ పెట్టించడానికి అంత దూరం వెళ్లనక్కర లేదు. బ్రాంచి అకౌంటెంట్ గారితో నేను ఫోనులో ఇలా మాట్లాడాను:

"అండీ, సర్వర్ వెనక పానా గుర్తు ఉన్న పోర్టు కనిపిస్తోందా?"

"ఉందండీ. ఖాళీగా ఉంది సార్."

"నేను పంపిన నీలం కేబుల్ అందులో పెట్టండి. టక్కుమని శబ్దం రావాలి."

"వచ్చిందండీ. పక్కన పచ్చ లైటు కూడా వెలిగింది."

ఆయన కంప్యూటర్ నిపుణుడు కాదు. కానీ ఆ ఊళ్లో మన చేతులూ కళ్లూ ఆయనే. అందుకే ఆయన్ని తొందరపెట్టను. ఒకసారికి ఒక పనే చెబుతాను. అది అయిందని ఆయన చెప్పాకే రెండోది చెబుతాను.

ఐడ్రాక్‌కు అడ్రసు ఇచ్చాక, ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చండి. దాన్ని వీపీఎన్, అంటే ఆఫీసుల మధ్య ఉండే రహస్య దారి, లోపలి నుంచి మాత్రమే తెరిచేలా ఉంచండి, ఇంటర్నెట్ వైపు ఎప్పుడూ వదలకండి. తర్వాత అసలు పరీక్ష. అందరూ ఇళ్లకు వెళ్లే వేళకు, అకౌంటెంట్ గారు అక్కడ ఉండగానే, సర్వర్‌ను పూర్తిగా ఆపి ఐడ్రాక్ నుంచి మళ్లీ లేపండి. అది లేచిందంటే మీకు దారి ఉన్నట్టే. అలాగే బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు లేచే యంత్రం సొంత సెట్టింగుల్లో, లోపం కనిపిస్తే ఎఫ్1 కోసం ఆగాలా వద్దా అనే సెట్టింగు ఉంటుంది. బ్రాంచి సర్వర్‌లో దాన్ని తప్పకుండా ఆపేయండి.

లైను పోతే ఐడ్రాక్ కూడా అందదు కదా? అందుకే రూటర్‌కు రెండో దారిగా 4జీ కనెక్షను పెట్టించండి. రూటర్‌లో మార్పులు చేసేటప్పుడు, అది సిస్కో అయితే, ముందుగా 'రీలోడ్ ఇన్ 10' అని ఇవ్వండి. మీ మార్పు వల్ల లైను తెగిపోయినా, పది నిమిషాల్లో రూటర్ తనంతట తానే రీస్టార్ట్ అయి, చివరిసారి సేవ్ చేసిన పాత సెట్టింగులతో లేస్తుంది. అంతా సరిగ్గా ఉంటే 'రీలోడ్ క్యాన్సిల్' ఇచ్చి, అప్పుడు సేవ్ చేయండి.

ఇప్పుడు అప్‌గ్రేడ్ సంగతి. 2012 ఆర్2 నుంచి కూడా నేరుగా 2025కు, ఉన్న యంత్రం మీదే అప్‌గ్రేడ్ చేయడానికి మైక్రోసాఫ్ట్ అనుమతిస్తోంది. అయినా బ్రాంచిలో ఆ పద్ధతి నాకు ఇష్టం లేదు. మధ్యలో ఆగితే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. కొత్త యంత్రాన్ని పాతదాని పక్కన పెట్టి, పనులను ఒక్కొక్కటిగా దాని మీదికి మార్చడమే క్షేమం. కొత్తదాని మీద హైపర్-వీ వేసి, రెండు వర్చువల్ మెషీన్లు పెట్టండి, అంటే ఒకే యంత్రం లోపల విడివిడి సర్వర్లలా నడిచేవి. యంత్రంలోని ప్రాసెసర్ కోర్లన్నిటికీ స్టాండర్డ్ లైసెన్సు ఉంటే రెండింటికి హక్కు ఉంటుంది. ఒకటి డొమైన్ కంట్రోలర్, అంటే అందరి ఖాతాలూ పాస్‌వర్డులూ చూసుకునే సర్వర్. రెండోది ఫైళ్లకూ ప్రింటర్లకూ. ఇకపై అప్‌డేట్లకు ఎక్కువసార్లు వర్చువల్ మెషీన్‌నే రీస్టార్ట్ చేస్తారు కాబట్టి అసలు యంత్రం జోలికి వెళ్లే అవసరం తగ్గుతుంది.

ఫైళ్ల దగ్గర లెక్క వేయకుండా దిగకండి. బ్రాంచి బ్యాకప్ కాపీ 500 జీబీ హెడ్డాఫీసులో ఉంది, బ్రాంచి లైను 10 ఎంబీపీఎస్ అనుకోండి. లైను మొత్తం మీకే దొరికినా ఆ డేటా చేరడానికి దాదాపు 111 గంటలు పడుతుంది, అంటే నాలుగున్నర రోజులకు పైనే. బిల్లింగ్ నడుస్తుండగా అది అయ్యే పని కాదు. నేను విండోస్‌లోని బిట్‌లాకర్‌తో పాస్‌వర్డు తాళం వేసిన హార్డ్‌డిస్కులోకి డేటా ఎక్కించి, ఆర్టీసీ కార్గోలో పంపిస్తాను. పాస్‌వర్డు మాత్రం ఫోనులో చెబుతాను, పార్శిల్‌లో కాగితం మీద రాసి పెట్టను. ఆ తర్వాత మారిన ఫైళ్లను విండోస్‌లోని కాపీ కమాండ్ రోబోకాపీతో పాత సర్వర్ నుంచి కొత్తదానికి తెచ్చుకుంటే చాలు.

రోబోకాపీ దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఇందులో 'ఎంఐఆర్' అనే స్విచ్ ఉంది. అది మూలంలో లేని ఫైళ్లను గమ్యంలో చెరిపేస్తుంది. మూలం, గమ్యం తారుమారైతే, ఖాళీ ఫోల్డరును చూసి నిండు ఫోల్డరును తుడిచేస్తుంది. అందుకే మొదట 'ఎల్' స్విచ్‌తో నడపండి. అప్పుడు అది ఏమీ చేయదు, ఏం చేయబోతోందో జాబితా మాత్రం చూపిస్తుంది. ఆ జాబితాను కళ్లతో చదివాక 'ఎల్' తీసేయండి. బ్యాకప్ కూడా అంతే. ఆకుపచ్చ గుర్తును నమ్మకండి, ఒక పాత బిల్లుల ఫోల్డరును వేరే చోటికి తెచ్చి తెరిచి చూడండి.

(తెర మీద: కమాండ్ విండో)

డొమైన్ కంట్రోలర్ పని. ముందు పాత సర్వర్‌లో 'రెప్‌అడ్మిన్', 'డీసీడయాగ్' అనే పరీక్ష కమాండ్లు నడిపి, హెడ్డాఫీసుతో రెప్లికేషన్, అంటే ఖాతాల వివరాలను కంట్రోలర్లు ఒకదానికొకటి పంపుకోవడం, తప్పుల్లేకుండా నడుస్తోందని చూడండి. డొమైన్, డొమైన్లన్నీ ఉండే ఫారెస్ట్ రెండూ 2016 ఫంక్షనల్ లెవెల్‌లో (ఏ వెర్షన్ సదుపాయాలు వాడవచ్చో చెప్పే స్థాయి) లేకపోతే 2025 కంట్రోలర్‌ను చేర్చలేరు. మరీ ముఖ్యంగా, 180 రోజులకు పైగా హెడ్డాఫీసుతో మాట్లాడని కంట్రోలర్ ఏదైనా మూలన పడి ఉంటే, దాన్ని మళ్లీ నెట్‌వర్క్‌లో పెట్టకండి. ఎప్పుడో తీసేసిన ఖాతాలు దానితో తిరిగి వస్తాయి. ఇక బ్రాంచిలో సర్వర్‌కు తాళం వేసే గది లేక బల్ల కింద ఉంటే, చదవడానికి మాత్రమే వీలున్న కంట్రోలర్‌ను, అంటే ఆర్‌ఓడీసీని, ఎంచుకోండి. యంత్రం దొంగల పాలైనా అందరి పాస్‌వర్డులూ పోవు.

కొత్త కంట్రోలర్‌లో 2025 జూన్ నెల అప్‌డేట్ గానీ, దాని తర్వాతిది గానీ వేశాకే ముందుకు వెళ్లండి. 2025 కంట్రోలర్లు రీస్టార్ట్ అయ్యాక ఫైర్‌వాల్‌లో డొమైన్ ప్రొఫైల్ (ఆఫీసు నెట్‌వర్క్ కోసం ఉండే నియమాలు) బదులు వేరే ప్రొఫైల్ ఎత్తుకుంటున్నాయని మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది ఏప్రిల్‌లో ఒప్పుకుంది. సర్వర్ బతికే ఉంటుంది, కానీ పిలిస్తే పలకదు. నెట్‌వర్క్ అడాప్టర్‌ను ఆపి మళ్లీ లేపితే సరిపోయేది. ఆ చిన్న పనికి కూడా లోపలికి వెళ్లే దారి కావాలి కదా, ఇంతసేపు నేను ఐడ్రాక్ గురించి పట్టుబట్టింది అందుకే.

కంప్యూటర్లకు నెట్‌వర్క్ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీని ఎగుమతి చేసి కొత్తదాంట్లోకి దిగుమతి చేయడం తేలిక. ఒకసారి ఇచ్చిన అడ్రసు గడువు, అంటే లీజు, సాధారణంగా ఎనిమిది రోజులు ఉంటుంది కాబట్టి గంట సేపు సేవ ఆగినా ఎవరికీ తెలియదు. కష్టం పాత సర్వర్ అడ్రసును చేత్తో రాసి పెట్టిన పరికరాలతోనే: ప్రింటర్లు, వేలిముద్ర హాజరు యంత్రం, సీసీ కెమెరాల రికార్డరు. అందుకే పాత కంట్రోలర్‌ను పద్ధతిగా డిమోట్ చేసి, అంటే కంట్రోలర్ హోదా నుంచి తప్పించి, దాని ఐపీ అడ్రసును కొత్తదానికి ఇవ్వండి. అప్పుడు వాటిని ముట్టుకోవలసిన పని ఉండదు.

ఈ మార్పు శనివారం మధ్యాహ్నం 3 గంటలకు పెట్టుకోండి, అర్ధరాత్రి వద్దు. తాళాలున్న మనిషి అక్కడ ఉండాలి, దుకాణాల్లో కేబుల్ దొరకాలి. పని అయ్యాక అకౌంటెంట్ గారిని ఒక బిల్లు కొట్టి ప్రింటు తీయమనండి, ఒకరిని వేలిముద్ర వేయమనండి. పాత సర్వర్‌ను మాత్రం అప్పుడే తుడిచేయకండి. కేబుల్ పీకించి, 'తీయవద్దు' అని చీటీ అంటించి అక్కడే ఉంచండి. నెలాఖరు లెక్కలప్పుడు మాత్రమే తెరిచే ఫోల్డరు ఒకటి ఎక్కడో మిగిలి ఉంటుంది. ఒకటో తారీఖు దాటాక బ్రాంచికి ఫోను చేసి, లెక్కలు సరిగ్గా ముగిశాయని విన్నాకే దాని డిస్కులు తీయించండి.