బండి అసలు నంబర్ ఎక్కడుంది?

(నర్సంపేట దగ్గర ఒక ఊరి రైతు వేదికలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అన్నలకు, అక్కలకు నమస్కారం.

మిర్చి, పత్తి పైసలు చేతికొచ్చే రోజులివి. ఏ ఇంట్ల చూసినా సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్ చూద్దామా, పిల్లగానికి బండి కొనిద్దామా అన్న మాటే. యాక్సిడెంట్ అయిన బండ్లను ఇన్సూరెన్స్ తరఫున పరిశీలించే పని నాది. బండి దగ్గరికి పోగానే నేను ముందు చూసేది డ్యామేజీ కాదు, కంపెనీ బండి ఫ్రేము మీద కొట్టే ఛాసిస్ నంబర్. అడ్వాన్స్ ఇచ్చే ముందు మీరూ అదే చూడాలని చెప్పడానికి వచ్చాను.

నంబర్ ప్లేటు మారుతుంది. మన రోడ్ల మీద పాత ఏపీ 36 బండ్లు ఇంకా తిరుగుతున్నాయి, టీఎస్ 03 బండ్లున్నాయి, 2024 మార్చి నుంచి టీజీ వచ్చింది. చంద్రపూర్ నుంచి తెచ్చిన ఎంహెచ్ 34 ట్రాక్టర్‌ను ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకుని ఇక్కడ రిజిస్టర్ చేయిస్తే దానికీ కొత్త నంబర్ పడుతుంది. లోహం మీద కొట్టిన నంబర్ మాత్రం బండి తుక్కుకు పోయేదాకా ఒకటే. ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్, తయారైన నెల బండి మీద ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 122వ నియమం చెబుతోంది. బ్యాటరీ బండికైతే ఇంజిన్ బదులు మోటార్ నంబర్.

ఛాసిస్ నంబర్ ఎక్కడ వెతకాలి? బైకులకు చాలావరకు హ్యాండిల్ కింద, ఫ్రేము మెడ దగ్గర ఉంటుంది. హ్యాండిల్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పి, ఫోన్ టార్చి కొట్టి చూడండి. కార్లలో కొన్నింటికి ముందు సీటు కింద కార్పెట్ లేపితే కనిపిస్తుంది, కొన్నింటికి బానెట్ లోపలి గోడ మీద. స్కూటర్లకు, ట్రాక్టర్లకు కంపెనీని బట్టి చోటు మారుతుంది, మెకానిక్‌ను అడిగితే చూపిస్తాడు. ట్రాక్టర్‌కు రివిట్లు కొట్టిన చిన్న రేకు కూడా ఉంటుంది. రేకును ఊడదీసి ఇంకోటి బిగించొచ్చు కాబట్టి, దాన్ని ఒక్కదాన్నే నమ్మకండి.

ఇప్పుడొచ్చే బైకులకు, కార్లకు ఈ నంబర్‌లో అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉంటాయి. మొదటి మూడూ కంపెనీని చెబుతాయి. ఎంఏ3 అంటే మారుతి సుజుకి, ఎంఏటీ టాటా, ఎంబీఎల్ హీరో, ఎండీ2 బజాజ్. ట్యాంకు మీద ఒక కంపెనీ పేరుండి, ఫ్రేము మీద ఇంకో కంపెనీ అక్షరాలుంటే ఆ బేరం అక్కడే ఆపేయండి. ఇంకొకటి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఐ, ఓ, క్యూ ఇందులో వాడరు, ఒకటితోనో సున్నాతోనో కలిసిపోతాయని. గుండ్రంగా కనిపించింది సున్నాయే. పాత బండ్లకు, ట్రాక్టర్లకు 17 ఉండకపోవచ్చు. అంతమాత్రాన అది దొంగ బండి అని భయపడకండి, ఆర్‌సీతో సరిపోతే చాలు. ఏ సంవత్సరం మోడలో ఈ నంబర్‌ను బట్టి లెక్కగట్టకండి. ఆ కోడ్ కంపెనీ కంపెనీకీ మారుతుంది. తయారైన నెల, సంవత్సరం ఆర్‌సీ మీదే ఉంటాయి.

అన్నిటికన్నా ముఖ్యం, నంబర్‌ను ఎట్లా చూడాలన్నది. గుడ్డకు కొంచెం డీజిల్ అద్ది ఆ చోటు తుడవండి. మట్టి, గ్రీజు పోయాక పల్చటి కాగితం ఆనించి పెన్సిల్‌తో మెల్లగా రుద్దండి, అంకెలు కాగితం మీదికి తేలుతాయి. ఆర్‌టీఏ ఫారాలకు అంటించే పెన్సిల్ ప్రింట్ ఇదే. ఇప్పుడు కాగితాన్ని వెలుతురులో పట్టుకుని చూడండి. కంపెనీలో కొట్టిన అంకెలు ఒకే వరుసలో, ఒకే లోతులో, ఒకే ఎడంతో ఉంటాయి. మధ్యలో ఒక 8 మాత్రం ఎక్కువ లోతుగా ఉంటే, అది 3 అయి ఉండొచ్చు. అంకెల చుట్టూ గ్రైండర్ గీతలు, వెల్డింగ్ మచ్చ, ఆ జానెడు మేర కొత్త పెయింట్ కనిపిస్తే రేటు ఎంత తక్కువైనా వద్దు. తుప్పు పట్టి చదవరాకపోతే ముందు అమ్మేవాళ్లనే ఆర్‌టీఏ ఆఫీసుకు తీసుకుపోయి తేల్చుకోమనండి.

తర్వాత ఆర్‌సీ పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం వేలు పెట్టి సరిచూడండి. ఒకరు చదవాలి, ఒకరు చూడాలి. అదే ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరుంటే అప్పు తీరిందన్న ఎన్‌ఓసీ, ఆర్‌సీలోంచి ఆ పేరు తీయించే ఫారం 35 అడగండి. దొంగతనం కేసు ఉందేమో కూడా చూడొచ్చు. జాతీయ నేర రికార్డుల బ్యూరో వాళ్ల 'వాహన్ సమన్వయ్'లో బండి వివరాలు కొడితే పోలీసు రికార్డుల్లో ఉందో లేదో తెలుస్తుంది. దొంగ సొత్తని తెలిసీ, లేదా అనుమానించడానికి తగిన కారణం ఉండీ తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద కొన్నవాళ్ల మీదా కేసవుతుంది. బండీ పోతుంది, ఇచ్చిన పైసలూ పోతాయి, పైగా స్టేషన్ చుట్టూ తిరుగుడు.

నా పనిలో నన్ను బాగా బాధపెట్టేది ఇంకో రకం. బండి అసలైనదే, మనిషి నిజాయితీపరుడే, పాలసీ కాగితంలో మాత్రం ఒక్క అంకె తప్పు పడి ఉంటుంది. ఎవరూ చూసుకోరు. యాక్సిడెంట్ అయ్యాక, ఆస్పత్రి ఖర్చుల మధ్య, క్లెయిమ్ ఆగిపోతుంది. ఆ ఇంటి ముందు నిలబడి ఈ సంగతి చెప్పడం నాకు చాలా కష్టం. అందుకే పాలసీ చేతికి రాగానే ఛాసిస్ నంబర్ చూసుకోండి, తప్పుంటే ఏజెంటుతో చెప్పి వెంటనే సరిచేయించండి. కొత్త బండి డెలివరీ అప్పుడు షోరూంలోనే ఇన్‌వాయిస్‌తో సరిచూడండి.

నంబర్‌ను డైరీలో రాసి పెట్టుకోండి, బండి పోతే ఫిర్యాదులో రాయాల్సింది అదే. కంపెనీ ఏదైనా లోపం ఉందని బండ్లు వెనక్కి పిలిస్తే, మీ బండి అందులో ఉందా లేదా అన్నదీ ఆ నంబర్‌తోనే తెలుస్తుంది. ఆర్‌సీ ఫొటో మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

పెన్సిళ్లు, కాగితాలు తెచ్చాను. ఇంకా వెలుతురుంది, బయట మీ బండ్లున్నాయి. ఎవరి ఆర్‌సీ వాళ్లు తీసుకుని రండి, ఒక్కొక్కటిగా చూద్దాం.