డబ్బు తీసుకుని రాజకీయ రీల్ చేస్తే ఆ సంగతి చెప్పాలా?

[తెర మీద: ఒకదాని తర్వాత ఒకటి రీల్స్]

అమెరికాలో ఫేస్ క్రీమ్ కంపెనీ దగ్గర డబ్బు తీసుకుని రీల్ చేస్తే ఆ సంగతి చెప్పి తీరాలి. అదే డబ్బు తీసుకుని ఫలానా అభ్యర్థికి ఓటేయమంటే? ఫెడరల్ (కేంద్ర స్థాయి) ఎన్నికల నిబంధనలు ఇన్‌ఫ్లూయెన్సర్‌ను ఏమీ అడగవు. 2020లో అధ్యక్ష పదవికి పోటీపడ్డ మైక్ బ్లూమ్‌బర్గ్ ప్రచార బృందం ఇన్‌స్టాగ్రామ్ మీమ్ పేజీలకు డబ్బిచ్చి పోస్టులు పెట్టించినప్పుడు దీని మీద పెద్ద చర్చే జరిగింది. కాలిఫోర్నియా, టెక్సస్ తెచ్చుకున్న సొంత రూల్స్ 2024లో అమల్లోకి వచ్చాయి. టెక్సస్‌లో 100 డాలర్లు దాటితే చెప్పాలి.

చెబితే పోయేదేముంది అనుకుంటున్నారా? అయితే మార్గరెట్ మెకింటైర్ గురించి తెలుసుకోవాలి.

[తెర మీద: ఒహాయో, 1988]

వెస్టర్‌విల్ అనే ఊళ్లో స్కూళ్ల కోసం కొత్త పన్ను వేస్తామన్నారు. ఆమె దాన్ని వ్యతిరేకిస్తూ కరపత్రాలు పంచారు. కొన్నింటి మీద తన పేరు లేదు, 'ఆందోళన చెందుతున్న తల్లిదండ్రులు, పన్ను చెల్లింపుదారులు' అని మాత్రమే ఉంది. స్కూలు అధికారి ఒకరు ఫిర్యాదు చేశారు. పేరు లేనందుకు 100 డాలర్ల జరిమానా పడింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తీర్పు రాకముందే ఆమె చనిపోయారు. 1995లో ఏడుగురు న్యాయమూర్తులు ఆమె పక్షాన నిలిచారు, ఇద్దరు విభేదించారు. పేరు చెప్పకుండా మాట్లాడటం కూడా భావప్రకటనా స్వేచ్ఛలో భాగమేనని కోర్టు తేల్చింది.

(మన దగ్గర ఇది కుదరదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ ప్రకారం ఎన్నికల కరపత్రం మీద ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు ఉండాల్సిందే.)

మెకింటైర్‌కు జరిగినట్టే జరుగుతుందన్నదే ఇప్పటి భయం. స్థానిక నాయకుణ్ని విమర్శించే చిన్న క్రియేటర్ మీద ప్రత్యర్థులు ఫిర్యాదు పెడితే చాలు. అది చివరికి నిలబడకపోయినా లాయర్ ఫీజుకే అతని పని అయిపోతుంది. ఇక 'డబ్బు తీసుకోవడం' అంటే ఏమిటి? 2024లో డెమొక్రటిక్ పార్టీ వాళ్లు షికాగోలో జరిగిన తమ జాతీయ మహాసభకు 200 మందికి పైగా క్రియేటర్లకు పాసులిచ్చారు. పాసు కూడా చెల్లింపేనా?

ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ మెకింటైర్ చెప్పింది సొంత అభిప్రాయం. పెయిడ్ రీల్‌లో గొంతు ఒకరిది, డబ్బు ఇంకొకరిది. ఆ డబ్బు ఎవరిదో ఓటరుకు తెలియాలి. 2010లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన సిటిజన్స్ యునైటెడ్ కేసులో కూడా ఎన్నికల ఖర్చు వెల్లడించాలన్న నిబంధనలను తొమ్మిది మందిలో ఎనిమిది మంది న్యాయమూర్తులు సమర్థించారు.

అందుకే బరువు డబ్బిచ్చినవాళ్ల మీద పడాలి. కాలిఫోర్నియా చట్టంలో నాకు నచ్చింది అదే. వెల్లడించాలన్న సంగతి క్రియేటర్‌కు ముందుగా చెప్పాల్సిన బాధ్యత ప్రచార కమిటీది. టెక్సస్ కూడా ఆ దారి పట్టాలి. ఫెడరల్ ఎన్నికల ఖర్చుల లెక్కల్లో తరచుగా ఏజెన్సీ పేరే కనిపిస్తుంది, దాని వెనక రీల్ చేసినవాళ్లెవరో తెలియదు. ముందు ఆ కన్నం పూడ్చాలి. దానికి ఏ క్రియేటర్ నోరూ నొక్కక్కర్లేదు.