జేబులో చాకు, పిడికి పర్లాకిమిడి కొమ్ము

మేనల్లుడు: అందరికీ నమస్కారం. ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాం. ఇవాళ నాతో మా మావయ్య ఉన్నారు. మహేంద్రతనయ నది అవతల ఆయనకి మామిడి, జీడి తోట ఉంది. ఇంట్లో చెక్కపెట్టె నిండా మడత చాకులు ఉన్నాయి. మావయ్యా, జేబులో ఉన్నది ఓసారి బయటికి తియ్యి.

మావయ్య: ఇదిగో. ఈ వారం దీని వంతు. పెట్టెలో ఉన్నవన్నీ వంతులవారీగా జేబులోకి వస్తాయి. రానిది నా దగ్గర ఉండదు, పని చేసుకునేవాడు ఎవడైనా కనిపిస్తే ఇచ్చేస్తాను.

మేనల్లుడు: సేకరణ అంటే అద్దాల బీరువాలో పెట్టుకుంటారు కదా?

మావయ్య: పెట్టుకునేవాళ్లు పెట్టుకోనీ. నాకు మాత్రం చాకు అంటే పనిముట్టే. పొద్దున్న ఎరువు బస్తా కుట్టు తెంపాలి, డ్రిప్ పైపు ముక్క కొయ్యాలి. కొత్త అంటు మొక్కకి చుట్టిన ప్లాస్టిక్ రిబ్బన్, అతుకు కలిసిపోయాక కోసి తీసెయ్యాలి. మర్చిపోతే కాండం లావెక్కే కొద్దీ అది బిగుసుకుని మొక్క అక్కడికక్కడే విరిగిపోతుంది. ఇన్ని పనులకి ప్రతిసారీ ఇంటికొచ్చి వంటింటి కత్తి పట్టుకెళ్తామా?

మేనల్లుడు: అంటు కట్టడానికీ ఇదేనా?

మావయ్య: కాదురా, దానికి వేరే చాకు. ఇది చూడు, బ్లేడుకి ఒకవైపే వాలు ఉంది, రెండోవైపు పలకలా చదునుగా ఉంది. వేలు పెట్టి చూడు... మెల్లిగా. రెండువైపులా వాలు ఉన్న చాకు పుల్లలోకి దిగేటప్పుడు పక్కకి జరుగుతుంది, కోత గుంటపడుతుంది. ఇది తిన్నగా పోతుంది. జీడికి అంటు కట్టేటప్పుడు మొలక తల కోసేసి, కాండం మధ్యలో నాలుగైదు సెంటీమీటర్లు నిలువునా చీలుస్తాం. పైన పెట్టే పుల్లని రెండువైపులా చెక్కి ఆ చీలికలో దింపుతాం. బెరడు కింద పచ్చటి పొర ఉంటుంది చూశావా, ఇటు పొర, అటు పొర తగిలితేనే అంటు పడుతుంది. అందుకే చెక్కేది ఒక్క లాగులో చెక్కాలి. రంపంలా ఆడించావా, పొర నలిగిపోతుంది, పుల్ల ఎండిపోతుంది.

మేనల్లుడు: సరే, పెట్టె దగ్గరికి వద్దాం. కర్ర పిడి ఉన్న ఇది బయట చాలామంది దగ్గర చూశాను.

మావయ్య: ఒపినెల్. ఫ్రాన్సులో సవోయ్ కొండప్రాంతపు చాకు, 1890లో మొదలైంది. నీ చేతిలో ఉన్నది 8వ నంబరు, బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. మొదట్లో దీనికి తాళం లేదు. 1955లో ఈ తిరిగే రింగు పెట్టారు. తెరిచి రింగు తిప్పితే బ్లేడు వేళ్ల మీదికి మడవదు. రైతులకి, గొర్రెల కాపరులకి చవగ్గా దొరకాలని చేసిన చాకు, ఇప్పటికీ తీరు మారలేదు. నాకు అందులో గౌరవం కనిపిస్తుంది.

మేనల్లుడు: మన వానలకి ఆ కర్ర తట్టుకుంటుందా?

మావయ్య: శ్రావణమాసం వచ్చేసరికి కర్ర ఉబ్బి, బ్లేడు బిగుసుకుపోతుంది. గోటితో లాగితే గోరు విరుగుతుంది. పిడి చివరని గట్టి బల్ల మీద ఒక్కసారి కొట్టు, బ్లేడు కొంచెం పైకి లేస్తుంది. సవోయ్ వాళ్లు చేసేదీ అదే.

మేనల్లుడు: మరి తాతయ్య చాకు?

మావయ్య: ఆ... అది ఇంగ్లండులోని షెఫీల్డు సరుకు. జోసెఫ్ రాజర్స్ కంపెనీ వాళ్లది. బ్లేడు మొదట్లో నక్షత్రం, పక్కన మాల్టా శిలువ, కనిపిస్తున్నాయా? ఆ గుర్తు వాళ్లకి 1764 నుంచీ ఉంది. దీనికి తాళం ఉండదు. పిడి వెనక ఉక్కు పట్టీ ఒకటి స్ప్రింగులా బ్లేడుని నొక్కి పెడుతుంది. తెరిచేటప్పుడు విను... టక్. మూసేటప్పుడు... టక్. ఇన్నేళ్లకి కూడా ఆ స్ప్రింగు సడలలేదు. ఇది మనూళ్లోకి ఎలా వచ్చిందో నాన్న చెప్పలేదు, ఆయన జేబులో ఉండటం మాత్రం నేను చిన్నప్పట్నుంచీ చూశాను.

మేనల్లుడు: పిడి కొత్తగా ఉందే?

మావయ్య: పాతది కణుజు, అదే సాంబర్ జింక కొమ్ము, ఒకవైపు పూర్తిగా పగిలిపోయింది. ఇక్కడో సంగతి చెప్పాలి. షెఫీల్డు చాకులకి వేసిన ఆ గరుకు కొమ్ములో చాలా భాగం మన అడవుల నుంచి ఓడల్లో వెళ్లిందే. మన కణుజు కొమ్ము గట్టిగా, లోపల గుల్ల తక్కువగా ఉంటుందని వాళ్లకి ఇష్టం. 1990ల చివర్లో మన ప్రభుత్వం ఆ ఎగుమతి ఆపేసింది. ఇప్పుడు 1972 వన్యప్రాణి చట్టం కింద అడవిలో రాలిపడిన కొమ్ము కూడా ఏరుకోకూడదు. అలాగే ఉండాలి కూడా. కొమ్ము కోసం జంతువుని చంపి, రాలింది దొరికిందని చెప్పేవాళ్లకి దారి ఇవ్వకూడదు.

మేనల్లుడు: అందుకని గేదె కొమ్ముకి వెళ్లావా?

మావయ్య: వేరే ఊరు వెతకాల్సిన పని ఏముంది? పర్లాకిమిడి కొమ్ము పనికి పేరు పడ్డ ఊరు. కొంగలు, చేపలు, దువ్వెనలు, చేతికర్రలు మనవాళ్లు తరతరాలుగా చేస్తున్నారు. గేదె కొమ్ము, మన గోరు ఒకే పదార్థం. వేడి చేస్తే మెత్తబడుతుంది, బిగించి నొక్కితే పలకలా సాగుతుంది, చల్లారాక అలాగే నిలుస్తుంది. నేను వెళ్లిన కొమ్ము పనాయన ఒరియా మాట్లాడతాడు, నేను తెలుగు, ఇద్దరికీ రెండూ వచ్చు. చాకుని చేతిలో తిప్పి చూసి, ముందు పిడిని పట్టి ఉంచే మేకులు ఎటు నుంచి కొట్టారో వెతికాడు. అది చూడగానే పని ఆయన చేతిలో పెట్టేశాను.

మేనల్లుడు: పని దగ్గర కూర్చున్నావా?

మావయ్య: కదల్లేదు. రెండు పలకలు కోసి, లోపలివైపు ఇత్తడి రేకుకి ఎక్కడా సందు లేకుండా ఆకురాయి పట్టాడు. సందు ఉంటే చెమట దిగుతుంది, ఇత్తడి పచ్చగా చిలుము పడుతుంది. మేకు కన్నాలు ఇత్తడి తీగ కంటే రవ్వంత వెడల్పుగా వేశాడు. చిన్న సుత్తితో తీగ తలని గుండ్రంగా తడుతూ పరిచాడు, ఒక్క గట్టి దెబ్బ లేదు. కొమ్ము పగిలేది అక్కడే. చివర్లో ఒళ్లంతా మెరుపు తెచ్చాడు. ఎండలో పెడితే నలుపు లోపల తేనెరంగు జీర కనిపిస్తుంది, చూడు. ఇలాంటి పిడులు బయటి దేశాల చాకుల మీద ఎంత ఖరీదు పలుకుతున్నాయో! ఆ పని తెలిసిన చేతులు మన వీధుల్లో ఉన్నాయి, ఆ చేతులకి చాకు పిడి అడిగేవాడు లేడు. నాకు అదే బాధ.

మేనల్లుడు: బ్లేడు నల్లగా ఉందేం? తుప్పా?

మావయ్య: తుప్పు ఎర్రగా ఉంటుంది. ఇది పచ్చి మామిడికాయ పులుపు తెచ్చిన రంగు. కార్బన్ ఉక్కుకి పులుపు తగిలితే నీలం, బూడిద రంగు పొర వస్తుంది, అది ఎర్ర తుప్పుని కొంత అడ్డుకుంటుంది. తుడిచి పెట్టుకుంటే చాలు, కీలు దగ్గర ఒక చుక్క కుట్టుమిషన్ నూనె. తోలు ఒరలో పెట్టి వదిలెయ్యకూడదు, తోలు చెమ్మని పట్టి ఉంచుతుంది. సైకిల్ మీద వచ్చే చక్రం సానకి మాత్రం నేను ఇవ్వను. నిప్పురవ్వలు లేచి అంచు నీలంగా మారిందంటే, ఉక్కుకి పెట్టిన పదను అక్కడితో పోయినట్టే. ఇంట్లో తడి సానరాయి మీద నువ్వే నిదానంగా పట్టుకో.

మేనల్లుడు: జేబులో పెట్టుకు తిరిగితే పోలీసులతో ఇబ్బంది లేదా? చాలామంది టెన్షన్ అదే.

మావయ్య: ఆయుధాల నిబంధనల్లో ఉన్నది 9 అంగుళాల కన్నా పొడవు, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడు. ఇంటిపని, వ్యవసాయ పనిముట్లని అందులోంచి మినహాయించారు. నా దగ్గర నాలుగంగుళాలు దాటింది లేదు. అయినా ఎన్నికలప్పుడు, నిషేధాజ్ఞలు ఉన్నప్పుడు ఆంధ్రలోని పాతపట్నం వైపు వెళ్తే ఇంట్లో పెట్టి వెళ్తాను. విమానంలో చేతిసంచిలో పెట్టనివ్వరు, లగేజీలో వెయ్యాలి. బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునేది నా పెట్టెలో ఒక్కటీ లేదు. అది పనికోసం చేసిన చాకు కాదు.

మేనల్లుడు: ఇది విని కొమ్ము పిడి వేయించుకోవాలనుకునేవాళ్లకి ఏం చెప్తావు?

మావయ్య: చాకుని మీరు విప్పి పట్టుకెళ్లకండి, మేకులు తీసేది కూడా ఆయన్నే చెయ్యనివ్వండి. బాగా ఎండిన కొమ్ము అడగండి. పచ్చిది తర్వాత కుదించుకుని మేకుల దగ్గర చీలుతుంది. రెండు పలకలూ ఒకే కొమ్ములోంచి తియ్యమనండి, రంగు కలుస్తుంది. కూలి దగ్గర బేరం వద్దు. కొంగ బొమ్మకి పట్టే పనికంటే దీనికి పట్టే పని తక్కువేం కాదు.